బీగిల్ కుక్కకి మాట అర్థం కావట్లేదా, వాసన ధ్యాసలో మాట పట్టించుకోవట్లేదా?

మా బీగిల్‌కి 14 నెలలు, ఆడది. "రా" అంటే ఇంట్లో 10 సార్లలో 9 సార్లు వస్తుంది. గేటు దాటితే ముక్కు నేలకి ఆనించేసి, చెవి కూడా కదపదు. 6 వారాలుగా పొద్దున, సాయంత్రం 15 నిమిషాల చొప్పున, 10 మీటర్ల తాడు కట్టి, ఉడికించిన చికెన్ ముక్కలతో నేర్పుతున్నాను. విజిల్ కూడా వాడి చూశాను. బయట ఏ మార్పూ లేదు.

కుక్కల తెలివి మీద పుస్తకం రాసిన సైకాలజిస్టు స్టాన్లీ కోరెన్ 1994లో కుక్క జాతులకి ఇచ్చిన ర్యాంకుల్లో బీగిల్‌ది అట్టడుగు గుంపు. కొత్త మాట నేర్పాలంటే 80 నుంచి 100 సార్లు చెప్పాలట. బోర్డర్ కోలీ జాతికి 5 సార్లలోపే చాలు. అది చదివి టెన్షన్ పడ్డాను. కానీ ఆ ర్యాంకులు విధేయత పోటీల జడ్జీల అభిప్రాయాలతో వేసినవి. సొంతంగా సమస్య తీర్చుకునే తెలివి వేరని ఆయనే అన్నాడు. మా పిల్ల ముందు మూడు స్టీలు గిన్నెలు బోర్లించి ఒకదాని కింద ముక్క పెడితే, వరసగా వాసన చూసి సరైన గిన్నెనే కాలితో తోస్తుంది. దాన్ని మొద్దు అనడానికి నాకు మనసొప్పదు.

బీగిల్‌ని పెంచినవాళ్లు చెప్పండి: పిలిస్తే రాకపోవడం మాట అర్థంకాకనా, వాసన లాగేయడం వల్లనా అని ఇంట్లోనే తేల్చుకోవడానికి మీరు ఏ పరీక్ష చేశారు?