పైడిభీమవరం ప్లాంట్లలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి పోస్టు: ఆడవాళ్లకి ధైర్యం లేకా, దారి లేకా?

నాగావళి_గట్టు:
పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబులోనూ ప్యాకింగులోనూ అమ్మాయిలు కనిపిస్తారు. మందు తయారయ్యే ప్రొడక్షన్ బ్లాకులో షిఫ్ట్ ఇన్‌ఛార్జి కుర్చీ దగ్గరికొచ్చేసరికి దాదాపు అంతా మగవాళ్లే. అడిగితే "నోటీసు పెట్టాం, ఎవరూ రాలేదు, కాన్ఫిడెన్స్ తక్కువ" అంటారు. నిజంగా అంతేనా? వ్యక్తిత్వ వికాసం క్లాసులు పెడితే మారుతుందా?

హెచ్ఆర్_రణస్థలం:
చాలావరకు అంతే. ఒకే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఒకే సర్వీసు. అబ్బాయి సగం అర్హత ఉన్నా పేరిస్తాడు, అమ్మాయి అన్నీ ఉంటేనే ఇస్తుంది. మగవాళ్లు 60 శాతం అర్హతకే దరఖాస్తు పెడతారు, ఆడవాళ్లు 100 శాతం ఉంటేనే అని లెక్కే ఉంది కదా.

చంపావతి_ప్లాంట్:
ఆ లెక్క హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ లోపలి రిపోర్టులోదని నోటి మాటగా తిరుగుతోందండి. ప్రచురించిన అధ్యయనం కాదు. 2014లో టారా మోర్ వెయ్యి మందికి పైగా అమెరికా ఉద్యోగుల్ని "ఎందుకు దరఖాస్తు పెట్టలేదు" అని అడిగితే, ఆడా మగా ఇద్దరూ ఎక్కువగా చెప్పిన కారణం ఒకటే: అర్హతలు సరిపోలేదు కాబట్టి తీసుకోరనుకున్నాం అని. "నా వల్ల కాదేమో" అన్నవాళ్లు రెండు వైపులా తక్కువే.

ఇక మన బ్లాకు సంగతి. ఇన్‌ఛార్జికి రియాక్టర్ ఛార్జింగు (అందులో సరుకు నింపడం), సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవం వేరుచేసే మిషను), డ్రయ్యర్ చేతిలో ఉండాలి. ఒక్కో బ్యాచ్ ఎలా చేశారో చూపే బ్యాచ్ రికార్డు నింపడం, తేడా వస్తే డీవియేషన్ (ఆ తేడా మీద రిపోర్టు) రాయడం రావాలి. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష మిషను ముందు ఐదేళ్లు కూర్చున్నా ఇవేవీ చేతికి రావు. ఆ మనిషి పేరివ్వకపోతే అది పిరికితనం కాదు, సరైన అంచనా. క్యూసీ అమ్మాయిలకి ప్రొడక్షన్లో ఆరు నెలల రొటేషన్ (విభాగం మార్చి పని నేర్పడం) పెట్టండి: రెండు నెలలు సీనియర్ ఆపరేటర్‌తో ఛార్జింగు, సెంట్రిఫ్యూజ్, రెండు నెలలు రికార్డులు, క్లీనింగు, చివరి రెండు నెలలు షిఫ్టంతా ఆమె నడపాలి, ఇన్‌ఛార్జి పక్కన ఉంటాడు. సంతకం మాత్రం ఆమెదే. చాలాచోట్ల చెడేది ఇక్కడే: పని ఆమె చేత చేయించి, సంతకం అతను పెడతాడు. రేపు ప్రమోషన్ కాగితంలో కనపడేది సంతకమే.

హెచ్ఆర్_రణస్థలం:
బాగానే ఉంది మేడమ్, ఆ ఆరు నెలలు క్యూసీలో ఖాళీ ఎవరు నింపుతారు? బ్యాచ్ పోతే బాధ్యత ఎవరిది? 25 కిలోల డ్రమ్ములు ఎత్తాలి కూడా.

చంపావతి_ప్లాంట్:
డ్రమ్ముకి ట్రాలీ, హాయిస్టు (పైకెత్తే మిషను) ఉంటాయి. లేకపోతే మగవాళ్ల నడుమూ పోతుంది. అంతకంటే ముందు స్టోర్స్ ఇండెంటు (సామాను తెప్పించే చీటీ) చూడండి. ముక్కూ నోరూ మూసే హాఫ్ మాస్కులు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో దొరుకుతాయి, స్టోర్స్ వాళ్లు తెప్పించేది ఎక్కువగా మధ్య సైజే. చిన్న ముఖానికి అది ముక్కు పక్కనా గడ్డం కిందా వదులవుతుంది. ఫిల్టర్లు అరచేతులతో మూసి మెల్లగా గాలి పీల్చి, 10 సెకన్లు ఆపి చూడండి. మాస్కు ముఖానికి అతుక్కొని నిలవకపోతే సాల్వెంటు (రసాయన ద్రావకం) ఆవిరి లోపలికి వస్తున్నట్టే. 7 సైజు చేతికి 9 సైజు గ్లౌజు వేస్తే నట్టు కూడా పట్టు దొరకదు. సింగిల్ పీసు బాయిలర్ సూటు సంగతి చెప్పనక్కర్లేదు, బాత్రూముకి వెళ్లాలంటే పైనుంచి కిందిదాకా విప్పాలి, అందుకని పొద్దుటి నుంచి నీళ్లు తాగరు. రెండు ముక్కల సూటు ఇస్తే పోయేది.

గర్భం అని చెప్పిన రోజునే డైమిథైల్ ఫార్మమైడ్ లాంటి సాల్వెంట్లు వాడే బ్లాకు నుంచి మార్చాలి, జీతం తగ్గకుండా, ఆ నెలలు అనుభవం లెక్కలో పోకుండా.

పలాస_బద్ద:
ధైర్యం, నైపుణ్యం మాటలకి మా జీడిపప్పు బట్టీలే జవాబు. పిక్కలు కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగు అన్నీ ఎక్కువగా ఆడవాళ్లవే. పౌండుకి 320 గుండ్లు దాటకూడని రకం ఏది, 240 రకం ఏది అన్నది చేత్తో, కంటితో తేల్చేస్తారు. యజమాని ధర ఆ కన్ను మీదే నిలబడుతుంది. కాటా, లెక్క పుస్తకం మాత్రం మేస్త్రి చేతిలో. తలలు లెక్కపెడితే ఆడవాళ్లదే మెజారిటీ, దాన్ని డైవర్సిటీ అందామా?

లాస్ట్_బస్సు:
బి షిఫ్టు మామూలుగా రాత్రి 10కి వదులుతారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు ఉచితం, సంతోషం. ఆ వేళకి ఊళ్లోకెళ్లే బస్సే లేకపోతే టికెట్టుతో ఏటి పని? కంపెనీ బస్సు హైవే జంక్షన్లో దింపేసి పోతుంది. రాత్రి షిఫ్టుకి సమ్మతి రాసిమ్మంటారు. జాయినింగు కాగితాల మధ్యలో పెట్టి తీసుకున్న సంతకాన్ని సమ్మతి అనలేం. రోస్టరు మారిన ప్రతిసారీ అడగాలి, కాదంటే ఇంక్రిమెంటు మీద పడకూడదు. బండిలో చివరగా దిగేది ఒంటరి ఆడమనిషి కాకుండా రూటు గీయాలి.

చట్టం_చదివినవాణ్ణి:
ఇంకోటి. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకి ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అధ్యక్షత సీనియర్ మహిళది, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్లు, బయటినుంచి ఒకరు. ఫిర్యాదు మూడు నెలల్లోపు, విచారణ 90 రోజుల్లో. కాంట్రాక్టు వాళ్లూ ట్రైనీలూ ఇందులోకి వస్తారు, ఇది చాలామందికి తెలీదు. పది మంది లేని షెడ్డుకి జిల్లా లోకల్ కమిటీ. పేర్లు గేటు దగ్గర తెలుగులో అంటించారా లేదా చూడండి.

ప్రసూతి సెలవు భారం అని కొందరు గొణుగుతారు. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కింద ఉంటే, చందా రోజులు సరిపోయినవాళ్లకి ఆ 26 వారాల డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, కంపెనీ కాదు.

హెచ్ఆర్_రణస్థలం:
ఇవన్నీ చేశాక కూడా పేరివ్వకపోతే? కోటా పెడితే "ఆడదని ఇచ్చారు" అంటారు, అది ఆమెకే దెబ్బ.

చంపావతి_ప్లాంట్:
కోటా అక్కర్లేదు. పేరివ్వమని అడగడం మానేసి, రొటేషన్ పూర్తిచేసినవాళ్లందరి పేర్లూ ప్రమోషన్ జాబితాలో మీరే వేయండి, వద్దనుకున్నవాళ్లు తీయించుకుంటారు. ఇలా తిప్పి అడిగితే పోటీకి దిగడంలో ఆడామగా తేడా తగ్గిందని 2021లో అచ్చయిన ప్రయోగాలున్నాయి.

హెచ్ఆర్_రణస్థలం:
జాబితా వరకు సరే. రొటేషన్‌కి మా ప్లాంట్ హెడ్ ఒప్పుకోడు.

నాగావళి_గట్టు:
మరి ముందు దేనికి పట్టుబట్టాలి?

చంపావతి_ప్లాంట్:
మాస్కులు, బూట్లు. 4, 5 సైజుల బూట్లు ఎన్ని జతలున్నాయో స్టోర్స్‌లో అడగండి. ఆ ఇండెంటుకి ప్లాంట్ హెడ్ దాకా వెళ్లక్కర్లేదు, సేఫ్టీ ఆఫీసరు సంతకం చాలు.