ఢిల్లీలో మూడు రోజులు: అత్తయ్యగారి మోకాళ్లు, మామయ్యగారి ఇనుప స్తంభం

ప్రశ్న: వంటింటి కిటికీ

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో ఆరుగురం ఢిల్లీ వెళ్తున్నాం. నేను, మావారు, అత్తయ్యగారు, మామయ్యగారు, పన్నెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి. శనివారం పొద్దున రైలు దిగి, సోమవారం రాత్రి తిరుగు రైలు ఎక్కుతాం. చూడవలసినవి మావారు ఒక కాగితం మీద రాశారు. మొత్తం పద్నాలుగు. వాటిలో ఆగ్రా ఒకటి!

అత్తయ్యగారికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. చదునైన నేల మీద ఎంత దూరమైనా నడుస్తారు గానీ మెట్లు కనబడితే ముఖం మాడిపోతుంది.

మామయ్యగారి కోరిక వేరు. 1976లో కాలేజీ విహారయాత్రలో ఢిల్లీ చూశారు. అప్పుడు కుతుబ్ మినార్ మొదటి అంతస్తు దాకా ఎక్కారట. పక్కనే ఉన్న ఇనుప స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చుట్టినప్పుడు వేళ్లు కలిస్తే అదృష్టవంతులని అనేవారట. స్నేహితుల్లో నలుగురికి కలిశాయి, ఈయనకు జానెడు తక్కువ పడింది. పరీక్ష తప్పినా, పొలం అమ్మినా, టీవీ పాడైనా "నా సంగతి ఆ స్తంభం దగ్గరే తేలిపోయింది" అంటారు. ఇప్పుడు ఇంకోసారి ప్రయత్నిస్తారట.

మా పథకం ఇది: శనివారం కుతుబ్, ఇండియా గేట్. ఆదివారం ఆగ్రా. సోమవారం ఎర్రకోట, జామా మసీదు, హుమాయూన్ సమాధి చూసుకొని రైలు. కుదురుతుందంటారా?

జవాబు: పదిహేనేళ్లు అక్కడే ఉద్యోగం

కుదరదమ్మా. సోమవారం ఎర్రకోటకు సెలవు. మ్యూజియాలు కూడా చాలావరకు ఆ రోజే మూసేస్తారు. నేను ఢిల్లీలో ఉన్న కాలంలో మన ఊళ్లనుంచి వచ్చిన బంధువుల్లో సగం మంది సోమవారం నాడే ఆ కోట తలుపు చూసి తిరిగొచ్చారు. కుతుబ్, హుమాయూన్ సమాధి అన్ని రోజులూ తెరిచే ఉంటాయి కాబట్టి కుతుబ్‌ను సోమవారానికి జరపండి. జనవరి కనుక ఇంకో మాట. గణతంత్ర దినోత్సవ ఏర్పాట్ల కోసం ఎర్రకోటను ఆ నెల ద్వితీయార్ధంలో కొన్ని రోజులు మూస్తుంటారు. బయల్దేరేముందు చూసుకోండి.

ఆగ్రాను కొట్టేయండి. పొగమంచులో పొద్దున పది దాకా దారే కనబడదు. తాజ్‌మహల్ ఎదురుగా నిలబడి తెల్లటి గోడ లాంటి మంచును చూసొచ్చినవాళ్లను నేనెరుగుదును.

పద్నాలుగు స్థలాలు చూస్తే పిల్లలకు పద్నాలుగు టికెట్ కిటికీలు గుర్తుంటాయి. (అన్నట్టు, పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు.) దానికన్నా ఒక కథ పట్టుకొని నడవండి. పురానా ఖిలాలో షేర్ మండల్ అని ఎర్రరాతి అష్టకోణపు కట్టడం ఉంది. మొఘల్ చక్రవర్తి హుమాయూన్ పుస్తకాలు దాచుకున్న చోటు. 1556 జనవరిలో మెట్లు దిగుతూ, నమాజు పిలుపు (అజాన్) వినిపించి మోకాలు వంచబోతే అంగీ కాళ్లకు చుట్టుకొని జారిపడ్డాడంటారు. ఆ దెబ్బకే పోయాడు. దగ్గరలోనే ఆయన సమాధి. పెద్ద భార్య బేగా బేగం కట్టించింది. మూడు వందల ఏళ్ల తర్వాత, 1857 సెప్టెంబరులో ఢిల్లీ ఆంగ్లేయుల చేతికి చిక్కినప్పుడు, ఆ వంశంలో ఆఖరివాడు బహదూర్ షా జఫర్ ఎర్రకోట వదిలి ఈ సమాధి దగ్గరికే వచ్చి దాక్కున్నాడు. ఇక్కడే పట్టుకున్నారు. 1858లో ఎర్రకోటలో అతని సొంత సభామందిరం దివాన్-ఎ-ఖాస్‌లోనే అతని మీద విచారణ జరిపి, రంగూన్ పంపేశారు. ఈ మూడు చోట్లనూ వరసగా చూపిస్తే ఎనిమిదేళ్లవాడు కూడా మరిచిపోడు.

మీ అత్తగారి సంగతి. ఎర్రకోటలో నడక ఎక్కువైనా నేల చదును. కుతుబ్ ప్రాంగణం కూడా చాలావరకు అంతే. ఇబ్బంది హుమాయూన్ సమాధి దగ్గరే. కట్టడమంతా ఎత్తయిన అరుగు మీద ఉంటుంది, మెట్లు నిటారుగా ఉంటాయి. ఒక్కొక్కటి మనింటి మెట్టుకు ఒకటిన్నర రెట్లు. ఆవిడను కింద తోటలో కూర్చోబెట్టండి. నీటి కాలువలు, పచ్చిక, ఎదురుగా గోపురం. నిజానికి పైకి ఎక్కినవాళ్ల కన్నా కింద కూర్చున్నవాళ్లకే ఆ కట్టడం నిండుగా కనిపిస్తుంది. ప్రవేశం పక్కన 2024లో భూగర్భ మ్యూజియం తెరిచారు. గోపురం మీది పాత కలశం 2014 గాలివానకు విరిగిపడితే దాన్ని అక్కడ నిలబెట్టారు. కింద నుంచి చూస్తే పిడికెడంత అనిపించే ఆ కలశం పక్కన నిలబడితే మనం పిల్లల్లా కనిపిస్తాం.

మీ మామగారికి మాత్రం రెండు చేదు వార్తలు. మినార్ లోపలికి 1981 నుంచి ఎవరినీ పంపడం లేదు. ఆ డిసెంబరులో లోపల దీపాలు ఆరిపోయి, తొక్కిసలాటలో నలభై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. ఇనుప స్తంభానికి 1997లో చుట్టూ కంచె వేశారు. లక్షల వీపులు రాసుకొని అది అరుగుతోందని.

జవాబు: ఇద్దరు పిల్లలతో

పై పెద్దాయన చెప్పిందంతా సరే, పిల్లలకు చరిత్ర కన్నా లెక్క బాగా ఎక్కుతుంది. ఇనుప స్తంభం దగ్గర ఇది అడగండి: ఏడు మీటర్ల పైచిలుకు పొడవు, ఆరు టన్నులకు పైగా బరువు, పదహారు వందల ఏళ్ల వయసు, మన గేటుకు మూడేళ్లకే పట్టిన తుప్పు దీనికెందుకు పట్టలేదు? ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండటంతో పైన సన్నటి పొర ఏర్పడి కాపాడుతోందని చెప్పాక మావాడు ఇంటికొచ్చి వంటింట్లోని ప్రతి మూకుడూ పరీక్షించాడు.

జంతర్ మంతర్‌ను చలికాలంలో నమ్ముకోకండి. ఆ పాత ఖగోళ వేధశాలలో 1724లో కట్టిన సామ్రాట్ యంత్రం ఇరవై మీటర్లకు పైగా ఎత్తున్న నీడ గడియారం. మేం వెళ్లినరోజు సూర్యుడే రాలేదు. అంత గడియారం ముందు నిలబడి మా అమ్మాయి ఫోనులో టైము చూసుకుంది.

జవాబు: భోజనప్రియుడు

ఎవరూ తిండి ఊసెత్తరేం? మధ్యాహ్నం ఆంధ్రా భవన్ క్యాంటీన్ భోజనం. వరస పెద్దదైనా త్వరగానే కదులుతుంది. పప్పు, పచ్చడి కనబడితే పెద్దవాళ్ల అలక సగం తగ్గుతుంది. ఇంకోటి, కుతుబ్ మినార్ మెట్రో స్టేషన్ పేరు చూసి మోసపోకండి. అక్కడినుంచి మినార్ దూరమే, ఆటో పట్టుకోవాలి. ఎర్రకోటకు లాల్ ఖిలా స్టేషన్‌లో దిగితే దగ్గర.

వంటింటి కిటికీ (తిరిగొచ్చాక)

అందరికీ కృతజ్ఞతలు. ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

పొగమంచుకు రైలు ఏడు గంటలు ఆలస్యం. శనివారం కాస్తా పట్టాల మీదే గడిచిపోయింది. మావారు కాగితం తీసి ఒక్కొక్కటే కొట్టేస్తుంటే మా అబ్బాయి కలం అడిగి తీసుకొని సాయం చేశాడు. పురానా ఖిలా కూడా పోయింది, అదొక్కటే బాధ.

ఆదివారం ఎర్రకోట. దివాన్-ఎ-ఖాస్ ముందు మా అమ్మాయి "రాజును తన ఇంట్లోనే ముద్దాయిగా కూర్చోబెట్టారా?" అని రెండుసార్లు అడిగింది. మధ్యాహ్నం హుమాయూన్ సమాధి. అత్తయ్యగారికి షేర్ మండల్ కథ రైల్లోనే చెప్పాను. మెట్ల కింద నిలబడి పైకి చూసి, "మెట్ల మీంచి పడి పోయిన మొగుడికి ఇన్ని మెట్లతో సమాధి కట్టించిందా ఆ మహాతల్లి!" అని తోటలో చతికిలబడ్డారు. గంట సేపు పిలిచినా లేవలేదు. మేం పైన చీకటి గదిలో ఖాళీ పాలరాతి సమాధిని చూసి దిగేసరికి, ఎండ వచ్చి గోపురం పసుపు రంగుకు తిరిగింది. "మీరు చూశారా ఇది?" అన్నారు. పైన ఉన్నవాళ్లం ఎలా చూస్తాం.

సోమవారం కుతుబ్. కంచె సంగతి మామయ్యగారికి ముందే చెబుదామని మూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. తీరా ఆయనే ముందు నడిచి వెళ్లి, కంచె దగ్గర ఆగి, కమ్మీల మీద చెయ్యి వేసి కాసేపు స్తంభాన్ని చూశారు. తర్వాత దానికి వీపు తిప్పి నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టి వేళ్లు కలిపేశారు.

"చూశావుటోయ్, అందాయి" అన్నారు మావారితో. ఫోటో తీయమన్నారు. ఫోటోలో స్తంభం సగమే పడింది, చేతులు మాత్రం బాగా పడ్డాయి.