గ్యాస్ ఫైర్‌ప్లేస్‌కి రూఫ్ పైదాకా పైపు కావాల్సిందేనా, వెంట్‌లెస్ సరిపోదా?

ఎడిసన్ శీను:
మాది న్యూజెర్సీ, పాత ఇల్లు, ఇటుక చిమ్నీతో కట్టెల ఫైర్‌ప్లేస్ ఉంది. బూడిద ఎత్తలేక చస్తున్నా అంటోంది మా ఆవిడ, సరే గ్యాస్‌కి మారదాం అనుకున్నాం. మొదట వచ్చినాయన వెంట్‌లెస్ లాగ్స్ (పొగగొట్టం లేకుండా గదిలోనే మండే గ్యాస్ దుంగలు) పెట్టుకోండి, రూఫ్ ఎక్కే పనే లేదు, వేడంతా ఇంట్లోనే ఉంటుంది అన్నాడు. రెండో ఆయనేమో చిమ్నీలో లైనర్లు (లోహపు గొట్టాలు) దించి డైరెక్ట్ వెంట్ ఇన్సర్ట్, అంటే పాత ఫైర్‌ప్లేస్ గూట్లో దూర్చే గ్యాస్ పెట్టె, పెట్టాలంటాడు, రేటు దాదాపు మూడింతలు. డిసెంబర్లో అమ్మానాన్న వస్తున్నారు, నాన్నకి ఆయాసం. ఏం చేయమంటారు?

నిప్పుకోడి:
వెంట్‌లెస్ పెట్టించు బ్రో. మా ఇంట్లో ఆరేళ్లుగా ఉంది, ఏమీ కాలేదు. మంట గంటకి 40,000 బీటీయూ (వేడి కొలత) దాటనివ్వరు, గదిలో ఆక్సిజన్ 18 శాతానికి పడిపోతే సెన్సార్ దానంతటదే ఆపేస్తుంది. చిమ్నీ తెరిచిపెట్టి ఆకాశాన్ని వెచ్చబెట్టడానికా గ్యాస్ బిల్లు కట్టేది?

కొలంబస్ పిన్ని:
ఆ సెన్సార్ చూసేది ఆక్సిజన్‌ని బాబూ, కార్బన్ మోనాక్సైడ్‌ని కాదు. ఇంకోటి, 30,000 బీటీయూ మంట గంటసేపు వెలిగితే గ్యాస్ కాలడంలోంచే లీటరు నీళ్లు ఆవిరిగా పుట్టి ఇంట్లోనే తిరుగుతాయి. మా పాత ఇంట్లో పొద్దున్నే కిటికీ అద్దాల మీంచి నీళ్లు కారేవి, సంక్రాంతికి దులుపుదామని దేవుడి పటాలు దించితే వెనక గోడంతా నల్లగా బూజు. కాలిఫోర్నియాలో అసలు పెట్టనివ్వరు. ఆయాసం ఉన్న మనిషి వస్తుంటే ఇంక ఆలోచనేంటి?

నిప్పుకోడి:
కిటికీ కాస్త తీసిపెట్టుకోమని మాన్యువల్‌లోనే ఉంటుంది పిన్నీ.

కొలంబస్ పిన్ని:
కిటికీ తీస్తే నువ్వు మిగిల్చిన వేడి ఎటు పోతుంది నాయనా?

డాలస్ మేస్త్రి:
నేను ఈ పనే చేస్తా కాబట్టి చెప్తున్నా. అందరూ రూఫ్ రూఫ్ అంటున్నారు గానీ అసలు సంగతి మంటకి గాలి ఎక్కణ్ణుంచి వస్తోంది అన్నది. బి వెంట్ అని ఇంకో రకం ఉంది, పొగకి మాత్రమే పైపు ఉంటుంది, అది గది గాలినే లాక్కుంటుంది, పొగ వేడికి తేలికై దానంతటదే పైకి పోవాలి, అందుకే దాని పైపు రూఫ్ దాటాల్సిందే, వాలు తక్కువున్న రూఫ్ మీద ఒక అడుగు చాలు, బాగా ఏటవాలుగా ఉంటే నాలుగడుగులు, అటకలో చెక్కకి ఒక ఇంచి ఎడం, ఇన్సులేషన్ పైపుకి తగలకూడదు. ఒకరింటికి వెళ్తే ఆవిడ ఆవకాయ పోపు పెడుతూ కిచెన్ హుడ్ ఫుల్‌లో పెట్టింది, నేను ఫైర్‌ప్లేస్ దగ్గర అగరుబత్తి పట్టుకుంటే పొగ చిమ్నీలోకి పోకుండా తిన్నగా నా మొహం మీదకొచ్చింది. హుడ్ ఇంట్లో గాలంతా బయటికి తోడేస్తుంటే ఆ లోటు చిమ్నీలోంచే పూడుతుంది మరి. మన వంటిళ్లకి ఇది పెద్ద తలనొప్పి. డైరెక్ట్ వెంట్‌లో ముందు అద్దం బిగించి ఉంటుంది, ఒక గొట్టం బయట గాలి తెస్తుంది, ఇంకోటి పొగ తీసుకెళ్తుంది, గది గాలితో పనే లేదు. శీనుగారూ మీకు చిమ్నీ ఉండనే ఉంది, రెండో ఆయన చెప్పింది కరెక్ట్.

మినియాపాలిస్ బావ:
మాది డైరెక్ట్ వెంటే, పైపు పక్క గోడలోంచి తీశారు, రూఫ్ జోలికి పోలేదు. కాకపోతే మంచు పడ్డప్పుడల్లా పార పట్టుకుని ఆ మూతి చుట్టూ తవ్వాలి, మూసుకుపోయిందో మంట ఆరిపోతుంది. మొన్న మైనస్ 20లో లుంగీ మీద జాకెట్ వేసుకుని తవ్వా.

ఎడిసన్ శీను:
చిమ్నీలోంచే తీయిస్తున్నా, పర్మిట్‌కి అప్లై చేశాం. థాంక్స్ మేస్త్రిగారూ. బావా, లుంగీ ఫొటో వద్దు.

నిప్పుకోడి:
నేనైతే మార్చను. పిన్నీ, ఆ దేవుడి పటాల వెనక మాత్రం ఒకసారి చూసొస్తా.