నవోదయ రాయించాలా, ఊరి హైస్కూల్‌లో చేర్చాలా?

ఆనందపురం అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఐదో తరగతి చదువుతోంది. ఆరో తరగతికి ఎక్కడ చేర్చాలన్న దాని మీద నెల రోజులుగా ఇంట్లో ఒకరి మాట ఒకరికి పడడం లేదు. నా మనసు విశాఖ కొమ్మాది నవోదయ మీద ఉంది, పరీక్ష పెట్టి చేర్చుకునే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి అది. మా ఆయన తెల్లవారుజామున మూడింటికే పూల మార్కెట్‌కు వెళ్లిపోతారు, పిల్ల చదువు నేనే చూసుకోవాలి, నేను చదివింది పదో తరగతి. మా అత్తగారు మాత్రం ‘ఆడపిల్లను పదేళ్లకే హాస్టల్‌లో పడేస్తారా’ అని రెండు పూటలు అన్నం మానేశారు. మధురవాడలో ఒక ప్రైవేటు స్కూల్ పెట్టే టాలెంట్ టెస్టు రాయించమని మా మరిది అంటున్నాడు. మంచి మార్కులు వస్తే పై సెక్షన్‌లో వేసి ఫీజు తగ్గిస్తారట. ఇవేవీ కాకపోతే దగ్గరలోనే జిల్లా పరిషత్ హైస్కూల్ ఉంది, సైకిల్ మీద పది నిమిషాలు. మా ఊరు పంచాయతీ కాబట్టి నవోదయలో గ్రామీణ కోటా వస్తుంది, సీటు సులువే అంటున్నారు. నిజమేనా? అసలు పరీక్ష పెట్టి ఏరుకునే బడి మేలా, వచ్చినవారినందరినీ చేర్చుకునే బడి మేలా?

పాత నవోదయ విద్యార్థి, గాజువాక:
ముందు కోటా సంగతి తేల్చుకుందాం అక్కా, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఇప్పుడున్న ఊరు పంచాయతీ అయితే సరిపోదు. పాప మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పూర్తిగా గ్రామీణ ప్రాంతపు బడుల్లోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ ప్రాంతపు బడిలో ఉన్నా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. మూడో తరగతి ఎక్కడ చదివింది?

ఆనందపురం అమ్మ:
అయ్యో. మూడో తరగతి మధురవాడలోనే తమ్ముడూ. అప్పుడు అక్కడ అద్దెకు ఉండేవాళ్లం.

పాత నవోదయ విద్యార్థి:
మధురవాడ జీవీఎంసీ, అంటే విశాఖ నగరపాలక సంస్థ పరిధిలోది, కాబట్టి పట్టణమే. నవోదయలో ఆరో తరగతికి ఎక్కువలో ఎక్కువ 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు, అంటే 60. మిగిలిన 20లో మీ పాప పోటీ పడాలి, అందులోనూ రిజర్వేషన్లు ఉంటాయి. ఆడపిల్లలకు మొత్తం సీట్లలో కనీసం మూడో వంతు ఉంది కనుక కొంత ఊరట. హెడ్‌మాస్టరు గారిని బతిమాలి ‘గ్రామీణం’ అని రాయించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎంపికయ్యాక ధ్రువపత్రాలు చూసేటప్పుడు సీటు పోతుంది. ఆరో తరగతి పరీక్ష రెండోసారి రాయనివ్వరు.

డబ్బు సంగతి చెప్పాలంటే చదువు, తిండి, బస, బట్టలు, పుస్తకాలు ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి నెలకు 600 రూపాయల వికాస్ నిధి అని ఒకటి ఉంది, అదీ ఆడపిల్లలకు లేదు. మీ అత్తగారికి ముందే చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. తొమ్మిదో తరగతిలో సుమారు 30 శాతం మందిని ఒక ఏడాది పాటు హిందీ రాష్ట్రాల్లోని నవోదయలకు పంపుతారు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. నేను వెళ్లాను. మొదటి నెల రొట్టె ముక్క గొంతు దిగలేదు. ఏడాది చివరికి తిరిగి రావాలని అనిపించలేదు. అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పను. నా పక్క మంచం కుర్రాడు ఆరో తరగతిలో రోజూ రాత్రి తన ఇనుప ట్రంకు పెట్టె మూత తీసి, వాళ్లమ్మ మడతపెట్టిన బట్టలను కదపకుండా చూసుకుని మళ్లీ తాళం వేసేవాడు. దసరాకు ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు.

అందుకే కొమ్మాది ఇంటికి దగ్గరే కదా అనుకోవద్దు. హాస్టల్ అంటే హాస్టలే, గేటు బయట మీ ఇల్లున్నా పాప లోపలే ఉండాలి.

విశ్రాంత లెక్కల మాస్టారు, భీమిలి:
అమ్మా, ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పినవాణ్ని, కాబట్టి నా మాటలో కాస్త పక్షపాతం ఉంటుంది, తీసేసుకుని చదువుకోండి. ఏరుకునే బడి ఫలితాలు చూసి మురిసిపోయే ముందు, అక్కడికి చేరేనాటికే వాళ్లు జిల్లా అంతా వడపోసి తీసిన పిల్లలన్న సంగతి గుర్తుంచుకోండి. మా దగ్గరికి ఐదో తరగతి దాటినా వేళ్ల మీద కూడికలు చేసే పిల్లలు వచ్చేవారు. అలాంటి పిల్ల పదో తరగతిలో ఆరువందలకు నాలుగువందలు తెచ్చుకుంటే పేపర్లో ఫొటో పడదు. నా లెక్కలో అది పెద్ద ర్యాంకు.

అంతమాత్రాన హైస్కూళ్లన్నీ ఒక్కటే అని చెప్పను. మీరు ఒక పనిదినాన వెళ్లండి. ఎంత మంది ఉపాధ్యాయులున్నారని అడగవద్దు, ఏ పోస్టులు ఖాళీగా ఉన్నాయో అడగండి. లెక్కలు, భౌతికశాస్త్రం, ఇంగ్లిష్, ఈ మూడింటికీ మనుషులు ఉంటే సగం దిగులు తీరినట్టే. సైన్స్ ల్యాబ్ తాళం చూడండి. తుప్పు పట్టి ఉంటే మీకు జవాబు దొరికినట్టే. ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయో లేదో మొహమాటం లేకుండా లోపలికి వెళ్లి చూడండి.

సర్కారు బడి పిల్లలకు మాత్రమే తెరుచుకునే తలుపులు కొన్ని ఉన్నాయి, మనవాళ్లు లెక్కలో వేసుకోరు. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష ఉంది. గట్టెక్కితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. నవోదయ, సైనిక్ స్కూల్, కేంద్రీయ విద్యాలయాల పిల్లలు, ప్రైవేటు పిల్లలు దానికి అర్హులు కారు. పదో తరగతి తరవాత నూజివీడు, శ్రీకాకుళం లాంటి ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కుల మీదే సీట్లు ఇచ్చేటప్పుడు, హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 4 శాతం కలుపుతారు. ఆ నాలుగు శాతంతో సీటు దక్కినవాళ్లు నా తరగతుల్లోనే ఉన్నారు.

నవోదయ పరీక్ష మాత్రం రాయించండి. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. తెలుగులోనే రాయవచ్చు. సగం, అంటే 40 ప్రశ్నలు, బొమ్మలతో ఇచ్చే మేధాశక్తి ప్రశ్నలే. తేడాగా ఉన్న బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, కాగితం మడిచి కత్తిరిస్తే ఏమవుతుంది, అలాంటివి. మిగతాది అంకగణితం 20, భాష 20. తప్పుకు మార్కులు కోయరు కాబట్టి ఏదీ వదలకూడదు. దీనికోసం ఏడాది పాటు కోచింగ్ సెంటర్‌లో పడేయడం నాకు నచ్చదు. రోజుకు ముప్పావు గంట, మూడు నాలుగు నెలలు ఇంట్లో చేయిస్తే చాలు. ఓఎంఆర్ షీటు, అంటే జవాబుల గుండ్రాలు దిద్దే కాగితం, నింపడం మాత్రం తప్పక నేర్పండి. మా వీధిలో ఒక బాబు 23వ ప్రశ్న వదిలేసి, 24 జవాబును 23 వరుసలో దిద్దాడు, అక్కణ్నుంచి చివరిదాకా అన్నీ ఒక మెట్టు జారాయి. లెక్కలన్నీ వచ్చిన పిల్లవాడు.

సీతమ్మధార నాన్న:
ప్రైవేటు టాలెంట్ టెస్టు గురించి నా అనుభవం చెబుతాను, స్కూల్ పేరు వద్దు. మా అబ్బాయి ఆరో తరగతిలో పై సెక్షన్‌లో చేరాడు, ఫీజు తగ్గించారు, సంబరపడ్డాం. ఏడో తరగతి మధ్యలో మళ్లీ పరీక్ష పెట్టి కింది సెక్షన్‌కు మార్చారు, తగ్గించిన ఫీజూ పోయింది. ఐడీ కార్డు మీద సెక్షన్ అక్షరం ఉంటుంది. బస్సు దిగేటప్పుడు కార్డు వెనక్కి తిప్పి వేసుకునేవాడు. మెడలో తాడు మెలిపడిందేమో అనుకున్నాను, రెండు వారాల దాకా నాకు అర్థం కాలేదు. మీరు అడగవలసిందల్లా, ఏటా వడపోత ఉంటుందా, దిగిపోతే ఫీజు ఎంత, పై సెక్షన్‌కు చెప్పే ఉపాధ్యాయులే కింది సెక్షన్‌కూ చెబుతారా. జవాబు కాగితం మీద ఇవ్వమనండి. నోటితో చెప్పింది నిలవదు.

ఎంవీపీ కాలనీ:
అసలు అలా పరీక్ష పెట్టి చేర్చుకోవడం చట్టానికి విరుద్ధం కాదా?

విశ్రాంత లెక్కల మాస్టారు:
2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి వరకు ప్రవేశానికి పిల్లలనూ తల్లిదండ్రులనూ వడపోయకూడదు. మొదటి తప్పుకు 25,000 రూపాయల వరకు, ఆ తరవాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. అందుకే దాన్ని ప్రవేశ పరీక్ష అనరు, ‘స్కాలర్‌షిప్ టెస్టు’ అంటారు. పేరు మారితే చాలు మన దగ్గర. నవోదయ, సైనిక్ స్కూళ్ల సంగతి వేరు, వాటిని ఆ చట్టమే ప్రత్యేక కోవకు చెందిన బడులుగా విడిగా చెప్పింది.

విజయనగరం అత్త:
కోరుకొండ సైనిక్ స్కూల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. 2021-22 నుంచి అమ్మాయిలనూ తీసుకుంటున్నారు, కానీ వాళ్లకు సీట్లు తక్కువ. పరీక్ష 300 మార్కులకు, అందులో లెక్కలకే 150. తరవాత వైద్య పరీక్ష. ఫీజు ఏటా లక్ష దాటుతుంది, ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్ ఉంటుంది. సైన్యం వైపు పిల్లకు ఇష్టం ఉంటేనే ఆలోచించు తల్లీ.

ఆనందపురం అమ్మ:
సైన్యం మాట ఎత్తితే నవ్వుతోంది అత్తా, అది వదిలేశాం. మాస్టారూ, మీరు చెప్పినట్టు సోమవారం హైస్కూల్‌కు వెళ్లాను. లెక్కలకు, ఇంగ్లిష్‌కు ఉన్నారు. భౌతికశాస్త్రం పోస్టు ఖాళీ, పక్క ఊరి సారు వారానికి రెండు రోజులు వస్తారట. ల్యాబ్ తాళం బాగానే ఉంది, అడిగితే తీసి చూపించారు. నీళ్లు వస్తున్నాయి. టాలెంట్ టెస్టు మాత్రం వద్దని మా ఆయన కూడా అన్నారు.

అమ్మాయిని కూర్చోబెట్టి హాస్టల్ సంగతి అన్నీ చెప్పాను, హిందీ రాష్ట్రం సంగతితో సహా. పరీక్ష రాస్తానంది. సీటు వస్తే వెళ్తావా అంటే ‘అప్పుడు చెబుతాను’ అంది. నాయనమ్మ పక్కనే ఉంది మరి.

పాత నవోదయ విద్యార్థి:
రానివ్వండి అక్కా, అప్పుడే చెప్పనివ్వండి. ఇప్పుడు రాకపోయినా తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే మరో పరీక్ష ఉంటుంది. దానికి ఎనిమిదో తరగతి ఈ జిల్లాలోనే చదువుతూ ఉండాలి. ఇంగ్లిష్, హిందీ, లెక్కలు, సైన్స్ ఉంటాయి, కాబట్టి హైస్కూల్‌లో చేరినా హిందీని గాలికి వదలొద్దు.

ఆనందపురం అమ్మ:
సరే తమ్ముడూ. ఖాళీ ఓఎంఆర్ షీట్లు ఎక్కడ దొరుకుతాయి?

విశ్రాంత లెక్కల మాస్టారు:
కొనకండి. నా దగ్గర ఒకటి ఉంది, ఆదివారం ఆనందపురం జంక్షన్ మీదుగా వెళ్తాను, ఇస్తాను. ఇరవై జిరాక్సులు తీయించుకోండి. పెన్నుతోనే నింపించండి, పెన్సిల్ అలవాటు చేయవద్దు.