'కంట్రీ పబ్'ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న

ఇంగ్లండులో పెనైన్ వే అనే కాలిబాట మీద కొన్ని రోజులు నడిచి వచ్చాను. ఆ అనుభవం గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. ఉత్తర యార్క్‌షైర్‌లో కెల్డ్ అనే చిన్న ఊరు దాటాక, చెట్టన్నది కనిపించని మెట్టల మీద, గొర్రెల మందల నడుమ ఒంటరిగా నిలిచిన పాత రాతి కట్టడం ఒకటి ఎదురవుతుంది. దాని పేరు టాన్ హిల్ ఇన్. సముద్రమట్టానికి 528 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పబ్‌కన్నా ఎత్తున బ్రిటన్‌లో మరొకటి లేదు. నా చిత్తుప్రతి చదివిన మా మేనమామ, "అంత కొండ మీద పబ్ పెడితే డీజే పాటలు గొర్రెలు వింటాయా?" అన్నారు. ఆయనను తప్పుపట్టలేను. హైదరాబాదు పుణ్యమా అని మనకు పబ్ అంటే రంగుల దీపాలు, చెవులు అదిరే సంగీతం. 'పానశాల' అంటే పౌరాణిక నాటకంలా ఉంది. 'సారాకొట్టు' అంటే చదువరికి ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. తగిన మాటను సభ్యులు సూచించగలరా?

మొదటి సమాధానం

పబ్ అనేది 'పబ్లిక్ హౌస్' అన్న జంటపదానికి కుదింపు. అంటే నలుగురికీ తలుపు తెరిచి ఉంచిన ఇల్లు. ఆ మాటలో మద్యం ప్రసక్తే లేదు, ఉన్నదల్లా ఇల్లు. పూర్వం ఇంగ్లీషువాళ్ళు ఏల్ అనే ఒక రకం బీరు అమ్మే చోటును ఏల్‌హౌస్ అనీ, ద్రాక్షసారా దొరికే చోటును టావెర్న్ అనీ, బాటసారికి తిండితో పాటు పడక కూడా ఇచ్చే చోటును ఇన్ అనీ వేరు వేరుగా పిలిచేవారు. ఈ మూడూ తరవాతి కాలంలో పబ్ అనే ఒక్క మాట కిందికి చేరాయి. మీరు వెళ్ళినది పేరులోనే 'ఇన్' ఉన్న చోటు కాబట్టి, వెతకవలసినది తాగుడుకు సంబంధించిన మాట కాదు, బసకు సంబంధించిన మాట.

బసతో కూడిన ఇంటికి మనకు మంచి మాటే ఉంది: పూటకూళ్ళ ఇల్లు. దీనిని 'పూటకు కూలి' అని విడదీసేవారు ఉన్నారు గానీ అది పొరపాటు. గూడుకు గూళ్ళు ఎలాగో కూడుకు కూళ్ళు అలాగ. పూటకింత అని డబ్బు తీసుకొని కూడు పెట్టే ఇల్లు అని అర్థం. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో ఓరుగల్లుకు వచ్చిన మిత్రులకు లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే భోజనాన్ని కవి నోరూరేలా వర్ణించాడు. పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు అన్నీ ఉన్నాయి, లేనిదల్లా మీ టాన్ హిల్‌లో పోసే బీరు. అందువల్ల ఈ మాట వాడితే తిండి అర్థమవుతుంది, పింటు గ్లాసు అర్థం కాదు. అయితే పబ్ నడిపే ఆవిడను 'లాండ్‌లేడీ' అంటారు కదా, ఆ మాటకు మాత్రం గురజాడ పుణ్యమా అని మనకందరికీ తెలిసిన 'పూటకూళ్ళమ్మ'ను మించినది నాకు తోచడం లేదు. దానిని 'ఇంటి యజమానురాలు' అని అనువదిస్తే ఆవిడ అద్దె వసూలుకు వచ్చినట్టుంటుంది.

ఇంకొక హెచ్చరిక. అక్కడి కొన్ని పబ్‌ల బోర్డుల మీద 'ఫ్రీ హౌస్' అని ఉంటుంది. దాని అర్థం ఉచితం అని కాదు, ఆ పబ్ ఏ ఒక్క బీరు తయారీ సంస్థకూ కట్టుబడి లేదని.

రెండవ సమాధానం

పై మిత్రులు తెలంగాణను మరచినట్టున్నారు. మా వైపు కల్లు మండువా ఉంది, పట్నంలో కల్లు కంపౌండు ఉంది. పొద్దుగూకేసరికి అవే ముఖాలు అవే చోట్ల కూర్చుని, గుడాలు నములుతూ, ఊరి సంగతులన్నీ మాట్లాడుకుంటాయి. ఇంగ్లీషు పల్లెలోని పబ్ చేసే పని కూడా ఇదే కదా? కనీసం 'ఊరి పబ్బు' అన్నా చాలు. బస్ బస్సయినప్పుడు, క్లబ్ క్లబ్బయినప్పుడు, పబ్ పబ్బు కాకూడదా?

మొదటి సమాధానమిచ్చినవారు

పబ్బుకు నాకు అభ్యంతరం లేదండీ, పండగపబ్బాలకు చుట్టమనుకుంటారేమోనన్న చిన్న బెరుకు తప్ప. అయితే టాన్ హిల్‌కు 'ఊరి' అనే విశేషణం కుదరదు, ఎందుకంటే అక్కడ ఊరే లేదు. ఆ మెట్టలలో బొగ్గు తవ్విన కార్మికులకు ఒకప్పుడు ఆ పబ్బు ఆసరా. గనులు మూతపడ్డాయి, కార్మికులు వెళ్ళిపోయారు, పబ్బు మిగిలింది. మండువా సంగతి మీరు చెప్పినది నిజమే, కానీ కల్లు చెట్టు నీడన, ఆరుబయట తాగేది. యార్క్‌షైర్ పబ్బు బతికేది పొయ్యిలో మంట చుట్టూ, నాలుగు గోడల మధ్య. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫాను మంచు దారులను మూసివేసినప్పుడు, పాటలు వినడానికి వచ్చిన జనమూ పాడడానికి వచ్చిన బృందమూ కలిసి 61 మంది మూడు రాత్రులు అక్కడే చిక్కుకుపోయారు. అలాంటి చోటుకు పేరు పెట్టేటప్పుడు పైకప్పును వదిలిపెట్టలేము. కాశీయాత్రల కాలం నుంచి మన నోళ్ళలో నలిగిన 'మజిలీ' అన్న మాటను ఆలోచించండి. నడిచేవాడి అలసట అందులోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వ్యాసంలో ఆ పేరు మొదటిసారి వచ్చినప్పుడు 'టాన్ హిల్ మజిలీ అనే పాత పబ్బు' అని రాసి, ఆపైన అంతటా మజిలీ అనే వాడదలిచాను. దారిలోని పల్లెల్లో ఉన్న పబ్‌ల గురించి చెప్పే చోట 'ఊరి పబ్బు'ను ఉంచుతాను. మా మేనమామకు ఈ రెండూ చదివి వినిపించాను. మజిలీ అనగానే "అయితే పడక కూడా ఉంటుందన్నమాట" అన్నారు. ఇక మిగిలినది ఒక్కటే. పాత పబ్బుల్లో ముందుగది సందడికి దూరంగా, ఇద్దరు ముగ్గురు ఒదిగి కూర్చునేందుకు ఒక చిన్న గది ఉంటుంది, దానిని 'స్నగ్' అంటారు. 'మూలగది' అని రాశాను గానీ, అందులో వెచ్చదనం రాలేదు.