జిప్సీ ముందు చక్రం దగ్గర ఆయిల్ లీకు, ఆరు నెలలకే మళ్లీ. హబ్ సీలేనా?

ఘాట్ జిప్సీ, పాడేరు:
అన్నలకి నమస్తే. నాది 2006 మోడల్ జిప్సీ, మిలిటరీ వేలంలో వచ్చిన బండి, రెండేళ్ల కిందట ఒకాయన దగ్గర కొన్నాను. పాడేరు, చింతపల్లి రోడ్ల మీదే తిరుగుతుంది, వానాకాలం వస్తే వాగులు దాటించక తప్పదు. నెల రోజులుగా ఎడమవైపు ముందు చక్రం లోపలి వైపు నల్లగా ఆయిల్ చారలు పడుతున్నాయి. నలభై దాటితే గుర్రుమని శబ్దం, కుడికి తిప్పినప్పుడు ఇంకా ఎక్కువ. ఆరు నెలల కిందటే ఒక షెడ్డులో ఆ వైపు సీళ్లు (ఆయిల్, గ్రీజు కారకుండా ఆపే రబ్బరు రింగులు), బేరింగులు అన్నీ కొత్తవి వేయించాను, అదీ బాధ. ఇప్పుడు చూసిన మెకానిక్ కూడా "హబ్ (చక్రం నడిమి భాగం) సీల్ పోయింది, బేరింగులతో సహా మార్చేద్దాం" అంటున్నాడు. ఈసారి ఇంటి దగ్గర నేనే విప్పుదామనుకుంటున్నా. హబ్ నట్టుకి బాక్సు స్పానర్ ఒక్కటే లేదు, ఉలి పెట్టి కొట్టినా వస్తుందంటున్నారు, నిజమేనా?

డీజిల్ బాబాయ్:
వస్తుంది, నట్టుతో పాటు మరలు కూడా వస్తాయి. ఆ బాక్సు కొనుక్కో. ఇంకోటి, కారేది బ్రేకాయిల్ కాదు కదా? కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని నొక్కేది) కూడా ఒకసారి చూడు. బ్రేక్ ప్యాడ్లు ఆయిల్‌లో తడిస్తే కడిగి వాడొద్దు, పారెయ్.

పాత జీపు, విజయవాడ:
తమ్ముడూ, విప్పే ముందు ఆ ఆయిల్ కాస్త వేలికి రాసుకుని వాసన చూడు. చిక్కగా జిగటగా ఉంటే హబ్ గ్రీజు. పల్చగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన కొడితే అది డిఫరెన్షియల్ (యాక్సిల్ మీదుండే గేర్ల పెట్టె) ఆయిల్, దానికి హబ్ సీల్‌తో సంబంధం లేదు. జిప్సీ యాక్సిల్ గొట్టం చివర లోపల ఇంకో సీల్ ఉంటుంది, అది పోతే డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్ గుండులోకి (చక్రం పక్కలకి తిరిగే కీలు) వచ్చేసి అక్కడి గ్రీజుని పల్చన చేస్తుంది, అది గుండు వెనక రబ్బరు దాటుకుని చక్రం మీదికి చిమ్ముతుంది. పై నుంచి చూసినవాడు హబ్ సీల్ అనేస్తాడు.

ఆ లోపలి సీల్ కొత్తది వేసినా నెలల్లో పోయిందంటే నాకు రెండు అనుమానాలు. ఒకటి, చక్రాన్ని తిప్పే షాఫ్టుని తిరిగి గొట్టంలోకి దూర్చేటప్పుడు కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకోలేదు, షాఫ్టు బరువంతా సీల్ మీద పడి పళ్లు దాని పెదవిని కోసేశాయి. ఆ పని షెడ్డులో పదిసార్లలో తొమ్మిదిసార్లు ఒక్క మనిషే చేస్తాడు, అందుకే. రెండోది బ్రీదర్. యాక్సిల్ మీద చిన్న టోపీలా ఉంటుంది చూడు, అది మట్టితో మూసుకుపోతే వేడికి లోపల గాలి పెరిగి ఎంత కొత్త సీల్ అయినా ఆయిల్‌ని బయటికి తోసేస్తుంది. దాన్ని శుభ్రం చెయ్యకుండా సీల్ మార్చడం దండగ.

బేరింగ్ సంగతి వేరేగా తేల్చుకో. జాకీ ఎక్కించి, స్టాండ్ పెట్టి (ఒక్క జాకీని నమ్మొద్దు), చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే ఇంకొకరిని బ్రేకు తొక్కమను. బ్రేకు తొక్కగానే ఆట ఆగిపోతే హబ్ బేరింగ్, అప్పటికీ ఆడుతుంటే కింగ్ పిన్ (చక్రం పక్కలకి తిరగడానికి ఉండే పిన్ను). కింగ్ పిన్ విప్పితే మాత్రం పైన ఉన్న షిమ్ములు (సందు సరిచేసే పల్చని రేకులు) పైనే, కింద ఉన్నవి కిందే, గుర్తు పెట్టుకుని కట్టు.

ఘాట్ జిప్సీ, పాడేరు:
గంధకం వాసనే అన్నా! బ్రేకు తొక్కితే ఆట కూడా ఆగిపోయింది. అంటే రెండూ పోయినట్టేనా?

వాగు దాటిన బుల్లెట్:
రెండూ పోయాయి. హబ్ విప్పి గ్రీజు రంగు చూడండి, మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు దూరాయన్నమాట. ఘాట్ దిగి బ్రేకులు కాగి ఉన్న హబ్‌ని నేరుగా వాగులో దింపితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుని, సీల్ పక్కనుంచి నీళ్లని పీల్చుకుంటుంది. నేను వాగు ముందు పది నిమిషాలు ఆగుతాను, టీ కూడా అయిపోతుంది.

కొత్త బేరింగ్ వేస్తే దాని కప్పు (హబ్‌లో కూర్చునే బయటి రింగు) కూడా కొత్తదే వేయాలి, పాత కప్పులో కొత్త బేరింగ్ అరిగిపోతుంది. కప్పుని రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే సులువుగా దిగుతుంది (ఇంట్లో వాళ్లకి ముందే చెప్పండి). అది అడుగున ఆనగానే సుత్తి చప్పుడు మారుతుంది, అక్కడితో ఆపండి. గ్రీజు బేరింగ్‌కి పైపైన పూస్తే చాలదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగ్ వెడల్పు అంచుని దానికేసి నొక్కుతూ పోతే అవతలి వైపు రోలర్ల సందుల్లోంచి పురుగుల్లా బయటికి రావాలి. అప్పుడే నిండినట్టు.

నట్టు బిగింపు అందరూ తప్పే చోటు. హబ్‌ని తిప్పుతూ గట్టిగా బిగించి, పూర్తిగా వదిలేసి, మళ్లీ మెల్లగా బిగించండి. తర్వాత లగేజీ తూచే స్ప్రింగ్ త్రాసుని వీల్ బోల్టుకి తగిలించి లాగితే ఒకటి నుంచి మూడు కిలోల మధ్యలో హబ్ కదలాలి. ఆ తర్వాతే లాక్ వాషరూ, రెండో నట్టూ. రెండో నట్టు బిగించాక మళ్లీ ఒకసారి లాగి చూడండి, మారుతుంది.

ఘాట్ జిప్సీ, పాడేరు:
ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రం నాలుగు దాటింది. లోపలి సీల్ పెదవి మీద గోటితో గీసినట్టు మూడు గీతలు వరసగా ఉన్నాయి, షాఫ్టు పళ్లు ఆనించి చూస్తే సరిగ్గా ఆ పళ్ల మధ్య ఉన్నంత దూరమే. గ్రీజు మజ్జిగే. లోపలి బేరింగ్ కప్పులో ఒకచోట గుంట, గోరు దిగేంత. బ్రీదర్ టోపీ తీస్తే అందులో కందిరీగ మట్టిగూడు! పిన్నీసుతో తవ్వి తీశాను. షాఫ్టు దూర్చేటప్పుడు మా తమ్ముడు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు, వాడి చొక్కా పోయింది. త్రాసు మీద రెండు కిలోలు చూపించింది. మినుములూరు దాకా వెళ్లొచ్చాను, శబ్దం లేదు, చారలూ లేవు.

కుడివైపు కూడా అదే షెడ్డులో అదే రోజు వేయించినదే.

పాత జీపు, విజయవాడ:
అయితే వచ్చే ఆదివారం కూడా తమ్ముణ్ణి ఎక్కడికీ పోవద్దని చెప్పు.