ప్రకాశం పంతులు గారి జమీందారీ నివేదిక: బారిస్టరు బుద్ధి రైతుకు మేలు చేసిందా, ఆలస్యం చేసిందా?

పాతదస్త్రం:
టంగుటూరి ప్రకాశం అనగానే 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున తుపాకీకి రొమ్ము చూపడమే అందరికీ గుర్తు. 1937–39లో రెవెన్యూ మంత్రిగా ఆయనేం చేశారో మాట్లాడేవాళ్లు తక్కువ. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు, తర్వాత ఇంగ్లండులో బారిస్టరీ, మద్రాసు హైకోర్టులో చేతినిండా కేసులు, 1921లో అదంతా వదిలేసి ‘స్వరాజ్య’ పత్రిక. రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ శాఖ తీసుకున్నాక జమీందారీ రైతుల సమస్య మీద కమిటీ వేయించి, దానికి తానే అధ్యక్షులయ్యారు. 1938లో నివేదిక వచ్చింది. 1939 ఆరంభంలో శాసనసభ దాన్ని బలపరుస్తూ తీర్మానం చేసింది. అక్టోబరులో మంత్రివర్గమే రాజీనామా చేసింది. బిల్లు రానేలేదు.

నా వాదన ఇది. ఆయన మంత్రిగా కాక వకీలుగా పనిచేశారు. సాక్ష్యాలు, పాత రెగ్యులేషన్లు (కంపెనీ కాలపు చట్టాలు), భూమి యాజమాన్యం ఎవరిదన్న సిద్ధాంతం, వీటితోనే కాలం గడిచిపోయింది. అదే ప్రభుత్వంలో రాజాజీ రైతు రుణ విముక్తి చట్టాన్ని 1938లోనే గట్టెక్కించారు, 1938 నాలుగో చట్టం అదే. కౌలు తగ్గింపుకు చిన్న బిల్లు పెట్టి ఉంటే రైతు చేతికి ఏదో ఒకటి దక్కేది.

కుడివారం:
చిన్న బిల్లు పెట్టి ఉంటే అంటున్నారు గానీ, అది సభ గడప ఎలా దాటేదో చెప్పలేదు. 1935 భారత ప్రభుత్వ చట్టం 299వ సెక్షను చూడండి. ప్రజా అవసరానికి భూమి తీసుకుంటే పరిహారం ఇవ్వాలి. భూమి మీద హక్కులను, శిస్తుకు సంబంధించిన హక్కులతో సహా, రద్దు చేసే లేదా మార్చే బిల్లును గవర్నరు ముందస్తు అనుమతి లేకుండా ప్రవేశపెట్టడానికే వీల్లేదు. పైగా శాశ్వత బందోబస్తు (జమీందారు సర్కారుకు కట్టే శిస్తును శాశ్వతంగా ఖాయం చేసిన ఏర్పాటు) స్వరూపాన్ని మార్చే బిల్లు ఏదైనా గవర్నరు జనరల్ పరిశీలనకు ఆపి ఉంచాలని గవర్నర్లకిచ్చిన సూచనల్లోనే ఉంది.

అందుకే ఆయన ముందు యాజమాన్యం సంగతి తేల్చబోయారు. 1802 ఇరవై ఐదో రెగ్యులేషన్ జమీందారుకిచ్చింది శిస్తు వసూలు హక్కే గానీ పొలం కాదని వాదన. దానికి ఆధారాలున్నాయి. ఆ ఏడాదే వచ్చిన ముప్పయ్యో రెగ్యులేషన్ జమీందారు రైతుకు పట్టా ఇవ్వాల్సిందేనంది. 1802 రెగ్యులేషన్లు ఇతరుల అసలు హక్కులను తగ్గించేవి కావని 1822 నాలుగో రెగ్యులేషన్ ప్రకటించింది. చీకటి అనే ఎస్టేటు జమీందారు కేసులో మద్రాసు హైకోర్టు కూడా రైతును ఏడాదికేడాది కౌలుదారుగా, అంటే ఏడాది గడువుతో తీసేయగలిగేవాడిగా, చూడటానికి ఒప్పుకోలేదు. పొలం రైతుదేనని నిలబడితే కౌలు తగ్గింపు ఆస్తి లాక్కోవడం కిందికి రాదు, పరిహారం ప్రశ్నే లేవదు. ఇది కాలయాపన కాదండీ, రావలసిన అభ్యంతరానికి ముందే జవాబు కట్టడం. రాజాజీ చట్టం తాకింది ప్రధానంగా అప్పును. బందోబస్తు జోలికి అది పోలేదు, అందుకే తేలిగ్గా దాటింది.

అంకణం:
ఇద్దరూ చట్టం దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు కొలమానంలో ఉంది. కౌలును 1802 నాటి స్థాయికి దించాలని నివేదిక చెప్పింది. గోదావరి డెల్టాలో ఒక మాగాణి పొలం తీసుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. 1802లో అది మెట్ట, లేదంటే బీడు. మరి దానికి 1802 నాటి కౌలు ఎంతని రాస్తారు? కృష్ణ కింద కూడా అంతే. ఆనకట్ట లేని ఎస్టేట్లలోనూ అప్పట్లో పంచుకున్నది గింజలో పాలు, రూపాయి కాదు. ఆ గింజను ఏ ధరకు రూపాయిలోకి మార్చాలి? పొలం వారీ లెక్కలు చాలాచోట్ల దొరకవు, ఊరి మొత్తం జమే ఉంటుంది. దాన్ని ఇప్పటి పట్టాల మీద పంచాలంటే కరణం చెప్పిందే వేదం అవుతుంది, కరణం ఎవరి మాట వింటాడో జమీందారీ ఊళ్లలో అందరికీ తెలుసు. కోర్టులో గెలిచే వాదనకూ, తహసీల్దారు అమలు చేయగల సూత్రానికీ మధ్య దూరం ఇది. వకీలు బుద్ధి అడ్డుపడింది ఇక్కడ, కాలయాపనలో కాదు.

పాతదస్త్రం:
అంకణం గారి మాట నా వాదనకే బలం. 1947లో వచ్చిన కౌలు తగ్గింపు చట్టం 1802ను వదిలేసి, చుట్టుపక్కల రైత్వారీ భూముల (జమీందారు లేకుండా రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టేవి) శిస్తును కొలతగా పెట్టుకుంది. ఆ లెక్కలు ప్రతి తాలూకా కచేరీలో ఉంటాయి కాబట్టి అమలైంది. ఈ దారి 1938లోనూ తెరిచే ఉంది కదా?

కుడివారం:
దారి ఉంది, తాళం గవర్నరు దగ్గర ఉంది. రైత్వారీ కొలత పెట్టినా జమీందారు రాబడి తగ్గుతుంది, 299 మళ్లీ ఎదురొస్తుంది. 1947 నాటికి తెల్లదొరలు వెళ్లిపోతున్నారు, రెండు కాలాలనూ ఒకే తక్కెడలో తూచకండి. కొలమానం విషయంలో మాత్రం అంకణం గారితో ఏకీభవిస్తాను. 1802 అంకెకు అంతగా పట్టుబట్టకుండా ఉండాల్సింది.

మేలువారం:
ఒక సంగతి మరిచిపోతున్నారు. 1948 ఇరవై ఆరో చట్టం, కళా వెంకటరావు గారు రెవెన్యూ మంత్రిగా నడిపించింది, ఎస్టేట్లను తీసుకుని పరిహారం ఇచ్చింది. వార్షిక మూల మొత్తానికి (ఎస్టేటు ఏడాది నికర రాబడిగా లెక్కగట్టింది) చిన్న ఎస్టేటుకు 30 రెట్లు, ఆ మొత్తం లక్ష రూపాయలు దాటిన ఎస్టేటుకు పన్నెండున్నర రెట్లు. ప్రకాశం వాదనే నిలబడి ఉంటే ఈ డబ్బులో ఎంత మిగిలేదో ఆలోచించండి. నా దృష్టిలో ఆయన నివేదిక ఓడింది కోర్టులో కాదు, అది అక్కడిదాకా వెళ్లనే లేదు. ఆయనే మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) ఉన్న 1946–47లో 299 ఇంకా ఉంది, సొంత పార్టీలో కుమ్ములాటలు, 11 నెలలకే పదవి పోయింది.

అంకణం:
ఆ 11 నెలల్లో కొత్త మిల్లు కదుర్లను ఆపడం మీద, ఖద్దరు పథకం మీద చూపిన పట్టుదలలో సగం భూమి మీద చూపి ఉంటే ఈ చర్చ వేరుగా ఉండేది. రెవెన్యూ బోర్డుతో 1946లోనే రైత్వారీ రేట్ల పట్టికలు తాలూకాల వారీగా తయారు చేయించడానికి గవర్నరు అనుమతి అక్కర్లేదు.